తల లేని అంబులెన్సు, పసుపెక్కిన విమానం

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్న మా బావ అక్కడ ఒక గరాజ్ సేల్‌లో పాత ట్రాన్స్‌ఫార్మర్స్ (రోబో నుంచి బండిగానో విమానంగానో రూపం మారేవి) బొమ్మల పెట్టె కొని, మొన్న విశాఖ వచ్చినప్పుడు నాకు తెచ్చిచ్చాడు. ఆరు ఉన్నాయి: ఆప్టిమస్ ప్రైమ్, సౌండ్‌వేవ్, స్టార్‌స్క్రీమ్, విమానంగా మారే జెట్‌ఫైర్, అంబులెన్సుగా మారే రాట్చెట్, ఒక ఎర్ర బంబుల్‌బీ. ప్రైమ్‌కు చేతులు మణికట్టు దగ్గర ఆగిపోయాయి. సౌండ్‌వేవ్‌కు తుపాకీ లేదు. రాట్చెట్‌కు తలే లేదు. జెట్‌ఫైర్ తెల్లగా ఉండాల్సింది ముదురు మీగడ రంగులోకి తిరిగింది. బంబుల్‌బీ ఎర్రగా ఉండటం చూస్తే నకిలీ ఏమోనని అనుమానం. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు. ప్రస్తుతం బీరువాలో బట్టల పక్కన పెట్టాను. వీటిని ఎలా శుభ్రం చేయాలి, ఎలా దాచాలి? తర్వాత మెగాట్రాన్ కొనాలనుంది. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఒక పని చేయండి. బీరువాలో బట్టల పక్కన అన్నారు కాబట్టి అక్కడ కలరా ఉండలు ఉండే ఉంటాయి. బొమ్మల్ని ఈ రోజే బయటికి తీయండి. నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, ముఖ్యంగా పాలిస్టైరీన్‌ను, మెత్తబరుస్తుంది. పైభాగం జిగటగా మారి దుమ్ము పట్టేస్తుంది, పారదర్శకంగా ఉండే ముక్కలు మసకబారతాయి. ఆ దెబ్బకు తిరుగు మందు లేదు. కర్పూరం బిళ్లలు కూడా ఆ చుట్టుపక్కల పెట్టకండి.

ఇక మీ అనుమానాలు. మీరు లోపాలనుకున్న వాటిలో సగం లోపాలే కావు. అది అర్థం కావాలంటే ఈ బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి. చాలామంది టీవీలో కథ వచ్చాక దాన్ని చూసి బొమ్మలు చేశారనుకుంటారు. జరిగింది తలకిందులు. జపాన్‌లో తకారా కంపెనీ 1980లో డయాక్లోన్ అనే బొమ్మల వరుసను, 1983లో మైక్రో ఛేంజ్ అనే వరుసను తెచ్చింది. అమెరికాలోని హాస్‌బ్రో ఆ అచ్చుల్లో కొన్నింటిని తీసుకుని, పేర్లూ స్వభావాలూ కొత్తగా రాయించి, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో కార్టూన్ మొదలై 1987 దాకా 98 భాగాలు నడిచింది. అంటే బొమ్మ ముందు పుట్టింది, పాత్ర తర్వాత పుట్టింది. ఆ రెండింటికీ పోలిక కుదరని చోట తప్పు బొమ్మది కాదు.

రాట్చెట్‌కు తల లేకపోవడం ఇదే సంగతి. ఆ అచ్చు డయాక్లోన్‌లో నిస్సాన్ చెర్రీ వానెట్ అనే వ్యాను. డయాక్లోన్ రోబోల్లో దాదాపు ఒక అంగుళం ఎత్తున్న పైలట్ బొమ్మ కూర్చునేది, దాని పాదాల్లో అయస్కాంతాలు ఉండేవి. రాట్చెట్ ముందు అద్దం వెనకాల ఉన్న సీటు ఆ పైలట్‌దే. హాస్‌బ్రో పైలట్‌ను తీసేసి, ఆ సీటు మీద ముఖం బొమ్మ ఉన్న స్టిక్కర్ అతికించింది. టార్చి వేసి అద్దం లోపలికి చూడండి. స్టిక్కరైనా, స్టిక్కర్ ఊడిన జిగురు మరకైనా కనబడుతుంది. కార్టూన్‌లో మాత్రం గుండ్రటి తల గీశారు, అందుకే కొత్తవాళ్లు తల పోయిందనుకుంటారు. ఇదే అచ్చు నుంచి వచ్చిన ఐరన్‌హైడ్‌కూ తల ఉండదు. ఒక మాట గుర్తుంచుకోండి: రాట్చెట్ రెండు భాగాల బొమ్మ. రోబో ఒకటి, వ్యాను వెనక సగంతో తయారయ్యే బండి ఒకటి. రెండోది మీ పెట్టెలో లేకపోతే అది మాత్రం నిజమైన లోటు.

ఎర్ర బంబుల్‌బీ కూడా అసలైనదే కావచ్చు. తొలి రోజుల్లో హాస్‌బ్రో బంబుల్‌బీని పసుపులోనూ ఎరుపులోనూ అమ్మింది, క్లిఫ్‌జంపర్ అనే మరో కారు బొమ్మను కూడా ఆ రెండు రంగుల్లోనే. రంగు చూసి పేరు పెట్టకండి, కారు ఆకారం చూడండి. గుండ్రటి వీపు వోక్స్‌వాగన్ బీటిల్ అయితే బంబుల్‌బీ. పలకగా, స్పోర్ట్స్ కారులా ఉంటే క్లిఫ్‌జంపర్.

అయస్కాంతం పరీక్ష వదిలేయండి. ఈ బొమ్మల్లో లోహపు భాగాలు జింకు మిశ్రమంతో పోత పోసినవి, జింకుకు అయస్కాంతం అంటదు. అంటేది లోపలి స్టీలు పిన్నులకూ, స్క్రూలకూ, స్ప్రింగులకే. లోహమా, లోహం రంగు వేసిన ప్లాస్టిక్కా తేల్చుకోవాలంటే ఫ్యాను కింద పది నిమిషాలు ఉంచి చెంపకు ఆనించి చూడండి. లోహం చల్లగా తగులుతుంది.

అసలు, నకిలీ తేడా ఒక్క గుర్తుతో తేలదు. నాలుగైదు గుర్తులు కలిపి చూడాలి. మొదటిది అచ్చులో ఉబ్బెత్తుగా ఉండే కంపెనీ ముద్ర. తకారా పేరు, సంవత్సరం, తయారైన దేశం స్పష్టంగా, అంచులు పదునుగా ఉండాలి. బొమ్మ నుంచి అచ్చు తీసి చేసిన నకిలీలో అక్షరాలు కరిగిన సబ్బు మీద రాతలా మెత్తబడతాయి, లేదా ముద్రను గీకేసిన చోట నున్నటి గుంట ఉంటుంది. ముద్రలోని సంవత్సరం ఆ అచ్చు తయారైన ఏడాదికి చెందినది, మీ చేతిలో ఉన్న బొమ్మ ఎప్పుడు తయారైందో అది చెప్పదు. రెండోది స్టిక్కర్లు. గీతకు బయటగా కత్తిరించి, రంగులు పక్కకు జరిగి ఉంటే అనుమానించండి. మూడోది వేడికి రంగు తేలే చదరపు స్టిక్కరు. బొటనవేలితో పది సెకన్లు రుద్దితే అందులో కథలోని రెండు పక్షాల్లో ఒకదాని గుర్తు, అంటే ఆటోబాట్ లేదా డిసెప్టికాన్ ముఖం, తేలుతుంది. ఇది 1985 నుంచి వచ్చింది, కాబట్టి 1984 బొమ్మకు లేకపోవడం నకిలీ అనడానికి ఆధారం కాదు. చాలా పాతవాటిలో అది పనిచేయడం మానేస్తుంది కూడా.

నకిలీ కాకుండానే అసలు కానివి మరో రకం ఉన్నాయి, వాటినే రీఇష్యూ అంటారు. 2000 తర్వాత తకారా, హాస్‌బ్రో రెండూ పాత అచ్చులతో మళ్లీ మళ్లీ బొమ్మలు తీశాయి. అవి కంపెనీ బొమ్మలే, మంచివే, ఆడుకోవడానికి ఇంకా గట్టివి. కాకపోతే 1984 బొమ్మ ధర వాటికి పెట్టకూడదు. మీ ప్రైమ్ విషయంలో ఒక తేలికైన గుర్తు ఉంది. లారీ క్యాబిన్ రెండు పక్కలా ఉండే పొగ గొట్టాలు చూడండి. 2002లో అమెరికాలో వచ్చిన రీఇష్యూకు పిల్లల భద్రత కోసం వాటిని బాగా పొట్టి చేశారు. పొడవుగా ఉంటే పాతది కావచ్చు, జపాన్ రీఇష్యూ కూడా కావచ్చు. కానీ పొట్టిగా, కొస నున్నగా, విరిగిన గరుకు లేకుండా ఉంటే అది పాతది కాదు.

పోయిన ముక్కల సంగతి. సౌండ్‌వేవ్ తుపాకీ పోయిందని తీర్మానించే ముందు వీపు మీద బ్యాటరీ మూత తెరిచి చూడండి. ఆ బొమ్మ టేప్‌రికార్డరుగా మారేది కదా. దాని ఆయుధాలు మడిస్తే పెన్సిల్ బ్యాటరీల ఆకారంలోకి వచ్చి ఆ గదిలోనే సర్దుకుంటాయి. మూత ఏళ్ల తరబడి తెరవకుండా అమ్మేసినవాళ్లు చాలామంది. ఛాతీలోని క్యాసెట్ తలుపు కూడా నెమ్మదిగా తెరవండి. దానితో బజ్‌సా అనే పక్షి క్యాసెట్ వచ్చేది, లోపల ఇరుక్కుని ఉండొచ్చు. ఆ తలుపు కీలు రెండు సన్నటి కొక్కేల మీద ఆధారపడి ఉంటుంది, గోటితో పెకలిస్తే ఒకటి విరుగుతుంది. తెరిచే మీట నొక్కి, తలుపు మధ్యలో పట్టుకుని రానివ్వండి.

ప్రైమ్ చేతులు ఆగిపోలేదు, పిడికిళ్లు పోయాయి. అవి విడిగా గుచ్చే రెండు నీలం ముక్కలు, ఈ బొమ్మలో అందరూ పోగొట్టుకునేవి అవే. నల్ల తుపాకీ, రోలర్ అనే ఆరు చక్రాల చిన్న బండి, పెట్రోలు పంపు గొట్టం ఉన్నాయో లేదో చూసుకోండి. స్టార్‌స్క్రీమ్‌కు రెండు పిడికిళ్లు, రెండు రెక్కలు, తోక రెక్కలు, రెండు లాంచర్లు, వాటి క్షిపణులు ఉండాలి. లాంచర్ మీట నొక్కితే క్షిపణి ఎగరకుండా జారి పడుతుంటే బెంగపడకండి. పిల్లల కళ్లకు, గొంతుకు ప్రమాదమని హాస్‌బ్రో అమెరికా బొమ్మల్లో స్ప్రింగులను కావాలనే బలహీనం చేసింది. దాన్ని బాగుచేయబోయి లాంచర్ విప్పితే మళ్లీ బిగించడం కష్టం.

పోయిన ముక్కలకు మూడు దారులు ఉన్నాయి. పాత విడిముక్క కొనడం, రీఇష్యూ ముక్క వాడటం, త్రీడీ ప్రింట్‌లో చేసింది పెట్టడం. మూడూ సరైనవే, కానీ ఏది ఏదో రాసి పెట్టుకోండి. రీఇష్యూ పిడికిళ్లు పెట్టిన ప్రైమ్‌ను రేపు మీరో మీ పిల్లలో అమ్మినప్పుడు ఆ చీటీ కొనేవాడికి చేరాలి. ఈ సరదా మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తోంది.

శుభ్రం చేయడానికి కావలసినవి తక్కువ: గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు, మెత్తటి పళ్ల బ్రష్షు, ఇయర్‌బడ్స్, మైక్రోఫైబర్ గుడ్డ. బొమ్మను నీళ్లలో ముంచకండి. నీరు లోపలి స్ప్రింగుకూ పిన్నుకూ చేరితే విశాఖ గాలిలో నెల తిరగకుండా తుప్పు కనబడుతుంది, ఆ తుప్పు మరక ప్లాస్టిక్‌లోకి దిగుతుంది. బ్రష్షు తడిపి, విదిలించి, ఒక్కో భాగం తుడవండి. స్టిక్కరున్న చోట అంచు నుంచి మధ్యకు కాదు, మధ్య నుంచి అంచుకు, పొడి గుడ్డతోనే. క్రోమ్ మెరుపున్న భాగాలకు నీళ్లు కూడా వద్దు. అది ప్లాస్టిక్ మీద ఆవిరిగా పట్టించిన అతి పలచటి లోహపు పొర, రుద్దితే కింద ప్లాస్టిక్ బయటపడుతుంది. గోళ్లరంగు తీసే ద్రవం దగ్గరికి రానివ్వకండి, అందులోని ఎసిటోన్ ఈ బొమ్మల్లో వాడిన ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌ను క్షణాల్లో కరిగిస్తుంది. పాత ధర చీటీ జిగురు వదలకపోతే ఒక చుక్క కొబ్బరినూనె అద్ది పది నిమిషాలు ఉంచి తుడిచి, సబ్బు నీటి గుడ్డతో నూనె జిడ్డు పూర్తిగా తీసేయండి.

బిగుసుకుపోయిన కీలును బలంతో తిప్పకండి. నలభై ఏళ్ల ప్లాస్టిక్ చెప్పకుండా విరుగుతుంది. మొదటిసారి రూపం మార్చేముందు ఆ బొమ్మ సూచనల కాగితం స్కాన్ దొరికించుకుని, ఏ ముక్క ఎటు తిరగాలో చదివాకే చేయి పెట్టండి. తుప్పు వల్ల బిగుసుకుంటే సూది మొన మీద ఒక చుక్క సిలికాన్ ఆయిల్ పిన్ను కొసకు అందించి ఒక రాత్రి వదిలేయండి. తలుపు బందులకు కొట్టే తుప్పు స్ప్రేలు వద్దు, కుట్టు మిషను నూనె వద్దు. కొన్ని నూనెలు ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌ను సన్నగా పగలగొడతాయి.

వదులైన కీలుకు స్క్రూ ఉంటే పావు తిప్పు బిగించండి, అంతకన్నా వద్దు. ఆ స్క్రూలు జపాన్ కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగా కూర్చోక గాడిని తినేస్తుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం స్క్రూడ్రైవర్ ఒకటి తెప్పించుకోండి. గుచ్చే ముక్క వదులైతే ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చుట్టండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. చాలామంది సూపర్‌గ్లూ రాసి ఆరబెట్టి బిగుతు తెస్తారు. మీరు ఆ దారి పట్టొద్దు. ఒక్క చుక్క కీలు లోపలికి జారితే కీలు శాశ్వతంగా బిగుసుకుపోతుంది, దాని ఆవిరి పక్కనున్న అద్దాల మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది.

జెట్‌ఫైర్ దగ్గర కాస్త ఆగాలి. మీ పెట్టెలో అన్నింటికన్నా ప్రత్యేకమైన బొమ్మ అదే. అది తకారాది కాదు. మాక్రాస్ అనే జపాన్ సీరియల్ కోసం తకతోకు కంపెనీ చేసిన విఎఫ్-1 వాల్కిరీ అచ్చు, హాస్‌బ్రో 1985లో దాన్ని తీసుకుంది. హక్కుల చిక్కు వల్ల కార్టూన్‌లో పేరు స్కైఫైర్‌గా మార్చి, రూపం కూడా వేరుగా గీశారు. అందుకే టీవీలో చూసిన స్కైఫైర్‌కూ మీ చేతిలో ఉన్నదానికీ పోలిక కనబడదు. రెక్క మీద గాలిపటం లాంటి గుర్తు ఉందేమో చూడండి. అది మాక్రాస్ నాటి గుర్తు, తొలి జెట్‌ఫైర్‌ల మీద అలాగే ఉండిపోయింది. ఆ గుర్తు ఎంత పాడైనా తీసేయొద్దు. దీనికి ఎర్రటి కవచం ముక్కలు చాలా విడిగా వస్తాయి, అవి అన్నీ ఉన్న జెట్‌ఫైర్ దొరకడం అరుదు. ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి.

తెల్ల జెట్‌ఫైర్ పసుపెక్కడం ఎంత మామూలంటే, పాలలా తెల్లగా ఉన్నది కనబడితేనే అనుమానించాలి. ఏబీఎస్‌లోని రబ్బరు అంశం వెలుతురులోని అతినీలలోహిత కిరణాలకూ గాలిలోని ఆక్సిజన్‌కూ మారుతూ పోవడమే దీనికి ప్రధాన కారణం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దీన్ని తెల్లబరచవచ్చు. నా సలహా మాత్రం, చేయకండి. కారణం చెబుతాను. ఆ బొమ్మలో తెల్ల భాగాల లోపల లోహపు కీళ్లూ స్ప్రింగులూ ఉన్నాయి, అన్నీ విప్పితే తప్ప పని కుదరదు. విప్పకుండా పైపైన చేస్తే మచ్చలు మచ్చలుగా తెల్లబడుతుంది, అది ఒకే తీరు పసుపుకన్నా వికారంగా ఉంటుంది. చేసిన కొన్నాళ్లకు పసుపు మళ్లీ తిరిగి రావచ్చు కూడా.

పద్ధతి చూడాలనే ఉంటే దాన్ని విలువలేని తెల్ల ప్లాస్టిక్ ముక్క మీద ప్రయత్నించండి. మందుల షాపులో 6 శాతం పెరాక్సైడ్ దొరుకుతుంది. బ్యూటీపార్లర్ సామాన్ల షాపులో జుట్టు రంగుకు కలిపే డెవలపర్ క్రీమ్‌లో 20 వాల్యూమ్ అంటే అదే 6 శాతం, 40 అంటే 12 శాతం. స్టిక్కర్లు, స్క్రూలు, లోహం, రంగు వేసిన భాగాలు అన్నీ విడదీశాక తెల్ల ముక్కను గాజు గిన్నెలో ద్రవంలో పూర్తిగా మునిగేలా పెట్టి ఎండలో ఉంచుతారు. ముక్క తేలితే నీటి గీత దగ్గర చార పడుతుంది. గిన్నెకు మూత బిగించకూడదు, ఆక్సిజన్ వాయువు పుట్టి పగలవచ్చు. గంటకోసారి తిప్పుతూ నాలుగు నుంచి ఎనిమిది గంటలు. విశాఖ ఎండలో మే నెల మధ్యాహ్నం వద్దు, ద్రవం బాగా వేడెక్కితే పలచటి రెక్కలు వంగుతాయి. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత మంచిది. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ముందుముందు కొనేటప్పుడు మరో రకం ప్లాస్టిక్ గురించి జాగ్రత్త. బంగారు రేణువులు సుడులు తిరిగినట్టు కనబడే ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ బిస్కెట్‌లా పొడిబారుతుంది. పెట్టెలోంచి తీయనిదైనా, ఒక్కసారి కూడా కదపనిదైనా తేడా లేదు. జపాన్‌లో వచ్చిన బ్లాక్ జరాక్ అనే బొమ్మ దీనికి పేరుమోసిన ఉదాహరణ. అలాంటిది చేతికొస్తే రూపం మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టేయడమే.

దాచడం విషయంలో మీ ఊరే మీకు పెద్ద సమస్య. ఉప్పు గాలికి స్టీలు పిన్నులు తుప్పు పడతాయి, జింకు మీద తెల్లటి బూడిద పూస్తుంది. రబ్బరు రింగు బిగుతు మూత ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా తీసుకోండి. ఇరవై లీటర్ల డబ్బాకు వంద గ్రాముల సిలికా జెల్ గుడ్డ సంచిలో వేసి పెట్టండి. చిన్న డిజిటల్ తేమ మీటరు లోపల ఉంచి 45 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. రబ్బరు టైర్లు వేరే బొమ్మ ప్లాస్టిక్‌కు ఆనకూడదు. రబ్బరులో, మెత్తటి వినైల్‌లో ఉండే మెత్తదనపు రసాయనం గట్టి ప్లాస్టిక్‌లోకి ఇంకి గుంట చేస్తుంది. మధ్యలో పాలిథీన్ కాగితం పెట్టండి. చిన్న ముక్కలకు జిప్ ఉన్న పాలిథీన్ సంచులు వాడండి, వాసన వచ్చే మెత్తటి వినైల్ సంచులు వద్దు. స్ప్రింగు లాంచర్‌ను ఎక్కుపెట్టి ఉంచకండి. డబ్బా అటక మీద పెట్టొద్దు, ఎండాకాలం స్లాబు కింద వేడికి స్టిక్కరు జిగురు కారుతుంది. కొన్నింటిని అల్మారాలో కనబడేలా పెట్టుకోవాలనుకుంటే కిటికీకి ఎదురుగోడ కాకుండా కిటికీ ఉన్న గోడకే పెట్టి, ఎల్‌ఈడీ లైటు వాడండి.

ఇంకా కొనే ముందు ఉన్న ఆరింటినీ పూర్తిగా తెలుసుకోండి. ఒక బొమ్మను అంతా ఎరిగినవాడు రెండో బొమ్మ ఫొటో చూసి మోసపోడు. ధర తెలుసుకోవడానికి అమ్మేవాడు చెప్పే రేటు కాదు, ఈబేలో అమ్ముడైపోయిన వస్తువుల జాబితా చూడండి. మనకు నేరుగా పార్సిల్ తెప్పించుకోవడం ఖర్చుతో కూడిన పని. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు నిబంధన కూడా ఉంది, పార్సిల్ అక్కడే ఆగిపోవచ్చు. వచ్చిపోయే మీ బావ చేత తెప్పించుకోవడమే నయం.

అయితే మెగాట్రాన్ విషయంలో ఆయనకు ముందే చెప్పండి. అది మైక్రో ఛేంజ్‌లో వాల్తర్ పి38 పిస్టల్‌గా పుట్టిన బొమ్మ. రూపం మారిస్తే అచ్చం తుపాకీ, స్కానర్‌లోనూ తుపాకీలాగే కనబడుతుంది. అమెరికా విమానాశ్రయాల్లో తుపాకీని పోలిన బొమ్మను క్యాబిన్ సంచిలో అనుమతించరు. రోబో రూపంలోనే ఉంచి, తుపాకీ మడమ, సైలెన్సర్, దూరదర్శిని మూడూ విడదీసి వేరే సంచిలో వేసి, చెక్-ఇన్ పెట్టెలో సర్దమనండి. ఎయిర్‌లైన్‌ను కూడా ముందే అడగమనండి. పైన ఒక కాగితం మీద బొమ్మ పేరు రాసి, రెండు రూపాల ఫొటో పెట్టమనండి. కొనే ముందు ఆయన మీకు పంపాల్సిన ఫొటోలు నాలుగు: క్రోమ్ అరిగిన చోటు దగ్గరగా, తకారా ముద్ర, కాళ్ల మధ్య ఉండే ట్రిగ్గర్, మూడు విడి ముక్కలు ఒకే కాగితం మీద పరిచి.